సగం రేటు వేళ

పెదవాల్తేరులో పోలమాంబ గుడి మలుపు దాటాక
మూడో షట్టరు నాది.
పసుపు బోర్డు, నల్ల అక్షరాలు,
గాజు తలుపు గూడు, అందులో ఒక స్టూలు,
ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు.
పోలియో కాలికి సర్కారిచ్చిన బతుకుతెరువు.

అన్సెల్మో రాత్రి పదకొండు దాటితేగానీ రాడు.
యూనివర్సిటీలో సముద్రం అడుగు మట్టిని చదివే గుంటడు.
వాళ్ల దేశాన్ని నా గోడ మీది పటంలో వెతికాం ఓసారి.
ఆఫ్రికా చంకలో, ఈగ వాలి వదిలిన మచ్చంత.
ఈగదేనేమోనని తుడిచాను కూడా.
పోలేదు.
"అందులో లక్షమందిమి ఉన్నాం నూకరాజన్నా" అని నవ్వాడు.

ఆ రాత్రి స్టూలు మీద కూర్చోలేదు.
ఇన్నాళ్లూ అధ్యక్షుణ్ని ఒక గదిలో ఎన్నుకునేవారట.
నలభై చేతులు లేచేవి, తలుపు తెరుచుకునేది,
మళ్లీ ఆయనే బయటికొచ్చేవాడు.
ఇవాళే మొదటిసారి
కోకో తోటలో కాయలు కొట్టే వాళ్లమ్మని కూడా అడిగారట,
నీకెవరు కావాలని.

లైను దొరకదు.
సున్నా సున్నా, ఆపైన కోడు, ఆపైన కీచుమనే ఖాళీ.
పదకొండుసార్లు నొక్కాడు.
జాలారిపేట వైపు నుంచి అలల చప్పుడు
షట్టరు సందులోంచి దూరుతోంది.
ఈ నీళ్లే తిరిగి తిరిగి మా రేవుకి పోతాయంటాడు.
తీగకంటే అవే నయం.

పన్నెండోసారి ఆసుపత్రి నర్సెవరో ఎత్తింది.
వాళ్లమ్మ అక్కడే ఉంది,
ఊరికంతటికీ ఉన్న ఒక్క ఫోను పక్కన, మధ్యాహ్నం నుంచీ.
గాజుకి ఇవతల నాకు మాట అర్థం కాదు.
మీటరు అర్థమవుతుంది.
ఎనభై. తొంభై ఆరు. నూట పన్నెండు.
ఉన్నట్టుండి మాట ఆపేశాడు.
నూట ఇరవై ఎనిమిది.
నూట నలభై నాలుగు.
ఊరకుండటానికి ఇంత ఖర్చేటిరా అని
గాజు మీద తట్టబోయాను.
అప్పుడు ఒకే ముక్క అన్నాడు, మెల్లగా, వాళ్ల భాషలో.

బయటికొచ్చాక చెప్పాడు.
అమ్మ వేలు చూపించిందట.
సిరా అంటిన వేలు రిసీవరుకి ఎదురుగా పట్టుకుని
చూడరా, కనిపిస్తోందా అందట.
పుట్టి బుద్ధెరిగాక ఫోను పట్టింది మూడోసారి, ఏం తెలుసు ఆమెకి.
"నువ్వేమన్నావు?"
"చూశానన్నాను."

మొన్నటి ఎన్నికల్లో నన్ను
మా తమ్ముడు సైకిలు మీద కూర్చోబెట్టి తోసుకెళ్లాడు.
ఇస్కూలు మెట్లు తొమ్మిది. చేతుల మీద ఎక్కాను.
ఆఫీసరు లిస్టు మీద స్కేలు ఆనించి చూసి
"మీ ఓటు పొద్దున్నే పడిపోయిందండి" అన్నాడు, మర్యాదగానే.
నాకంటే ముందే నేనొచ్చి వెళ్లాను,
రెండు కాళ్లతో, మెట్లన్నీ గబగబా ఎక్కి.
అది అతనితో అనలేదు.
ఆ పూట అనాల్సిన మాట కాదు.

మూడు రోజులకి ఫలితం.
గెలిచినాయన పేరు నా నోట్లో తిరగలేదు.
మరి పాతాయన?
తన పెట్టెలు తనే మోసుకుని కారెక్కాడట.
జనం వీధిలో నిలబడి చూశారట,
ఎవరూ రాయి తియ్యలేదట.
ఆ తోటలో మొక్కలకి ఇక నీళ్లెవరు పోస్తారో అని మాత్రం
వాళ్లమ్మ బెంగ.

ఆ రాత్రి బిల్లు నూట తొంభై రెండు.
నూట యాభై ఇచ్చాడు, మిగతాది ఖాతాలో రాశాను.
చీటీ వద్దన్నాడు. నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడా గూట్లో రీచార్జి కూపన్లు కూడా పోయి
కొబ్బరినూనె సీసాలున్నాయి.
చీటీ మీద అంకెలు వెలిసి తెల్లబడ్డాయి,
నంబరు లేదు, టైము లేదు.
అయినా అతను మాట్లాడకుండా నిలబడ్డ ఆ రెండు పల్సులూ
ఎక్కడ పడ్డాయో
వేలు పెట్టి చూపించగలను.